‘ముస్లిం అయినప్పటికీ’ అని మెచ్చుకుంటూ రాయడంలో అభ్యంతరం ఏముంది?

ప్రశ్న: సుబేదారి పాఠకుడు

హన్మకొండలో మా కాలనీ సంక్షేమ సంఘం ఏటా ఉగాదికి ఒక చిన్న సంచికను వెలువరిస్తుంది. ఈసారి వచ్చిన రచనల భాషను సరిచూసే బాధ్యత నా మీద పడింది. వాటిలో కాలనీ పెద్ద ఒకరు రాసిన వ్యాసం ఉంది. మా వీధిలోనే ఎంతోకాలంగా కాపురం ఉంటున్న ఒక ఎలక్ట్రీషియన్ గురించి ఆయన అందులో ఇలా రాశారు: “ఆయన ముస్లిం అయినప్పటికీ ఏటా మన గణపతి మండపానికి పైసా తీసుకోకుండా లైటింగ్ చేసిపెడుతున్నారు. మతసామరస్యానికి ఇది నిలువెత్తు నిదర్శనం.” అదే వ్యాసంలో కాస్త కిందికి వెళితే, మోరీల పూడిక తీసిన రోజు గురించి మరో వాక్యం ఉంది: “ఈ శ్రమదానంలో కాలనీవాసులతో పాటు ముస్లిం సోదరులు కూడా పెద్ద సంఖ్యలో పాల్గొన్నారు.”

‘ముస్లిం అయినప్పటికీ’ అన్న మాటలను తీసేద్దామని నేను సూచిస్తే ఆయన నొచ్చుకున్నారు. “నేను మెచ్చుకుంటూ రాశాను, తిట్టలేదు కదా, ఇందులో నీకు ద్వేషం ఎక్కడ కనిపించింది?” అని అడిగారు. ఆయన ఎవరినీ ద్వేషించే మనిషి కాదని నాకు తెలుసు. ఏటా కాజీపేట దర్గా ఉర్సుకు వెళ్లి చాదర్ సమర్పించి వచ్చేవారిలో ఆయన ఒకరు. అందుకే ఆయనకు సరైన సమాధానం చెప్పలేకపోయాను. దురుద్దేశం లేని వాక్యంలో దురభిప్రాయం ఉండగలదా? ఉంటే దానిని ఎలా చూపించాలి? మతం ప్రస్తావనను పూర్తిగా తొలగిస్తే, ఆయన ఆ వ్యాసాన్ని రాసిన కారణమే పోతుంది కదా అన్న అనుమానం కూడా నాకు ఉంది. పత్రికలలో పనిచేసినవారు, భాష బోధించేవారు ఎవరైనా ఉంటే చెప్పగలరు.

జవాబు: మట్టెవాడ మాజీ సబ్ ఎడిటర్

మీ కాలనీ పెద్ద మంచివారే కావచ్చు; ఆ వాక్యం మాత్రం ఆయన కన్నా పాతది. జిల్లా ఎడిషన్ డెస్కులో కూర్చున్నంతకాలం అటువంటి వాక్యాలు నా చేతుల మీదుగా వెళుతూనే ఉండేవి.

‘జ్వరంగా ఉన్నప్పటికీ బడికి వచ్చాడు’ అని రాస్తే, జ్వరం ఉన్నవాడు బడికి రాడన్నది రాసినవారికీ చదివినవారికీ ముందే ఒప్పుదలైన సంగతి అన్నమాట. మీ వ్యాసంలోని వాక్యం కూడా అలాగే నిలబడాలంటే, ముస్లింలు మామూలుగా ఇటువంటి పనులు చేయరన్న ఇంకో వాక్యం దాని వెనుక ఉండితీరాలి. ఆ వాక్యాన్ని ఎవరూ రాయరు. చదివేవారే పూరించుకుంటారు కాబట్టి, ‘నేను అలా అనలేదు’ అనుకునే వెసులుబాటు రాసినవారికి మిగులుతుంది. నేరుగా తిట్టిన మాటకు ఎవరైనా అభ్యంతరం చెబుతారు, క్షమాపణ అడుగుతారు, అవసరమైతే కేసు పెడతారు. మెచ్చుకోలుకు ఎవరు అభ్యంతరం చెబుతారు? ఆ ఎలక్ట్రీషియన్ కూడా మొహమాటానికి నవ్వి ఊరుకుంటారు.

ఇదే వాక్యాన్ని తిరగేసి చూడండి. మీ కాలనీ పెద్ద గురించి ‘హిందువు అయినప్పటికీ ఆయన ఏటా కాజీపేట ఉర్సుకు వెళతారు’ అని ఎవరైనా రాస్తారా? ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఎన్నో ఊళ్లలో మొహర్రంకు పీరీలను ఎత్తుకునేది హిందూ కులాలవారే. ‘హిందువు అయినప్పటికీ పీరీని ఎత్తుకున్నాడు’ అని ఏ విలేకరీ వార్త పంపగా నేను చూడలేదు. దానిని ఊరి ఆచారం అంటాం, మొక్కు అంటాం, భక్తి అంటాం. ఒక ముస్లిం గణపతికి చందా ఇస్తేనో, లడ్డూ వేలంపాటలో పాల్గొంటేనో అది మతసామరస్యం అవుతుంది. ‘గణపతి లడ్డూను దక్కించుకున్న ముస్లిం యువకుడు’ అన్న వార్త నవరాత్రులు ముగిసేలోగా ఏదో ఒక మండలం నుంచి వచ్చితీరేది. దానికి బాక్సు కట్టి, ఫొటో పెట్టి వేసేవాళ్లం. హిందువు దర్గాకు వెళితే ఆయన నమ్మకం ఆయనదని వదిలేస్తాం. ముస్లిం మండపానికి వస్తే ఆయనకు మంచి నడవడిక సర్టిఫికెట్ ఇస్తాం. మొదటివారికి ఆ సర్టిఫికెట్ అక్కరలేదని మనం ముందే అనుకున్నామన్నమాట. నా దృష్టిలో వివక్ష అక్కడ ఉంది.

మీ రెండో వాక్యం దీనికన్నా స్పష్టమైనది. ‘కాలనీవాసులతో పాటు ముస్లిం సోదరులు కూడా’ అంటే ఆ సోదరులు ఎక్కడ ఉంటారు? వారు ఇంటి పన్ను కట్టేది ఆ కాలనీలో కాదా? సభలలో ‘మైనారిటీ సోదరులు’ అని సంబోధించడం మనకు బాగా అలవాటు. అది గౌరవంగానే వాడతారు, కాదనను. కానీ ‘మెజారిటీ సోదరులు’ అని ఏ వేదిక మీద నుంచి అయినా విన్నామా?

నేరవార్తల విషయానికి వస్తే ఈ తేడా ఇంకా ముదురుతుంది. 2020 మే నెలలో మన గొర్రెకుంట బావిలో తొమ్మిది మృతదేహాలు బయటపడిన సంగతి వరంగల్ వారెవరూ మరిచిపోరు. గోనె సంచుల తయారీలో పనిచేస్తూ బతకడానికి వచ్చిన బెంగాల్ ముస్లిం కుటుంబమూ, వారితో పాటు మరికొందరు వలస కార్మికులూ అందులో చనిపోయారు. బిహార్ నుంచి వచ్చిన ఒక యువకుడిని అరెస్టు చేశారు. అదే ఏడాది అక్టోబరులో వరంగల్ కోర్టు అతడికి మరణశిక్ష విధించింది. అతడి ఊరు రాశారు, పని రాశారు, అంతకుముందు చేసిన హత్యను కప్పిపుచ్చుకోవడానికే ఇంత పని చేశాడని రాశారు. ‘హిందూ యువకుడి ఘాతుకం’ అన్న శీర్షిక నాకు ఎక్కడా కనిపించలేదు. అలా రాయకపోవడమే సరైనది, ఎందుకంటే ఆ హత్యలకు అతడి మతంతో సంబంధం లేదు. అదే సంయమనం అన్ని కేసులలోనూ ఉందా అన్నదే నా ప్రశ్న. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలి హత్య జరిగినప్పుడు నిందితులు నలుగురు. వాట్సాప్‌లో చక్కర్లు కొట్టిన ఎన్నో సందేశాలలో మాత్రం ఒక్క పేరే ఉండేది, అది ముస్లిం పేరు. మిగతా ముగ్గురూ ఆ సందేశాలను పంపినవారికి కనబడనే లేదు.

2024లో ఆసిఫాబాద్ జిల్లా జైనూరులో ఈ భాష నిప్పై అంటుకుంది. ఆగస్టు 31న ఒక ఆదివాసీ మహిళపై దారుణమైన దాడి జరిగింది. ఆటో డ్రైవరు ఒకరిపై కేసు నమోదైంది. నిందితుడు ఒక్కడు. సెప్టెంబరు 4న నిరసన పేరుతో తగలబడిన మడిగెలు మాత్రం అతడితో ఏ సంబంధమూ లేని ముస్లింలవి. కర్ఫ్యూ పెట్టారు, ఇంటర్నెట్ ఆపేశారు. ‘ఫలానావాడు చేశాడు’ అన్నది ‘వాళ్లు చేశారు’గా మారడానికి నాలుగు రోజులే పట్టింది. ఆ గొడవలో బాధితురాలి గురించి మాట్లాడేవారు తగ్గిపోయారు, అది మరో అన్యాయం.

జవాబు: నర్సంపేట రోడ్డు

సబ్ ఎడిటర్ గారి అనుభవాన్ని గౌరవిస్తూనే నా భిన్నాభిప్రాయాన్ని తెలియజేస్తున్నాను. ఒక పెద్దాయన పొరుగువాడిని నిండు మనసుతో మెచ్చుకుంటే, అందులోని అవ్యయాన్ని పట్టుకుని ఆయనను నిందితుడిగా నిలబెట్టడం నాకు అతిగా అనిపిస్తోంది. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పెట్టిన ఇండియన్ ముజాహిదీన్‌వారు తాము ఏ పేరుతో పనిచేస్తున్నారో తమ సంస్థ పేరులోనే చెప్పుకున్నారు. 2016లో కోర్టు వారికి శిక్ష వేసింది. అది రాసేటప్పుడు కూడా మతం ఎత్తకూడదా? మా అమ్మమ్మది బైరాన్‌పల్లి వైపు ఊరు. 1948 ఆగస్టులో రజాకార్లు అక్కడ ఏం చేశారో ఆమె చెప్పగా విన్నవాడిని. ఆ జ్ఞాపకం ఉన్నవారు కొంచెం జాగ్రత్తగా మాట్లాడితే దానిని కూడా దురభిప్రాయం కిందనే లెక్క వేస్తారా? పైగా ‘కాషాయ మూక’ వంటి మాటలు రాసేటప్పుడు ఎవరికీ ఈ వ్యాకరణం గుర్తుకు రాదు.

జవాబు: మండీబజార్ తెలుగు టీచర్

నర్సంపేట రోడ్డు గారికి నమస్కారం. మీ అమ్మమ్మగారి జ్ఞాపకాన్ని తోసిపుచ్చే హక్కు ఎవరికీ లేదు, బైరాన్‌పల్లిలో జరిగింది ఊచకోతే. దిల్‌సుఖ్‌నగర్ విషయంలోనూ మీతో ఏకీభవిస్తాను. నేరానికి కారణంగా మతాన్ని నేరస్థులే చెప్పుకున్నప్పుడు దానిని రాయకపోతే వార్త అసంపూర్ణమవుతుంది. ‘కాషాయ మూక’ కూడా అదే కోవలోని మాట, నేను దానిని సమర్థించను.

అయితే రజాకార్ల సంగతి ఎత్తారు కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాద్‌లో చంపింది రజాకార్లే. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలవాలని రాసినందుకు చంపారు. మన జనగామ వైపు కామారెడ్డిగూడెంలో భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌తో కోర్టులో కొట్లాడి, గెలిచి, ఆ కక్షకే బలైన షేక్ బందగీ కూడా ముస్లిమే. ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉంది. నిజాంను ‘ముస్లిం రాజు’ అంటాం, ఆయన పాలనను ‘ముస్లిం పాలన’ అంటాం. విసునూరు దేశ్‌ముఖ్‌ను ‘హిందూ దేశ్‌ముఖ్’ అని నేను ఏ పాఠంలోనూ చదవలేదు, ఎప్పుడూ చెప్పలేదు. ఆయన చేసిన దుర్మార్గం దొరతనానికి చెందుతుంది, నిజాం చేసినది మతానికి చెందుతుంది! భారతదేశ చరిత్రను హిందూ యుగం, ముస్లిం యుగం, బ్రిటిష్ యుగం అని ముక్కలు చేసినది 1817లో జేమ్స్ మిల్ రాసిన చరిత్ర. తెల్లవారి పాలన వచ్చేసరికి ఆయన దానిని ‘క్రైస్తవ యుగం’ అనలేదన్నది గుర్తుపెట్టుకోదగిన విషయం. కాకతీయులనూ కుతుబ్‌షాహీలనూ అసఫ్‌జాహీలనూ వంశం పేరుతోనే పిలిస్తే పిల్లలకు పోయేది ఏమీ లేదు, తరగతిలో నేను అలాగే చెబుతాను.

రజాకార్ అన్నది ఒక సాయుధ దళంలో చేరినవారి పేరు. ఆ దళం 1948 సెప్టెంబరులో ముగిసింది. ఇప్పుడు మండీబజారులో అత్తరు అమ్ముకునే పిల్లవాడిని ‘రజాకార్ల వారసుడు’ అంటే, ఆ మాటకు మీ అమ్మమ్మగారి జ్ఞాపకంతో సంబంధం తెగిపోయినట్టే.

అనుభవం మీదుగా ఇంకొకటి. 2020 మార్చిలో కరీంనగర్‌కు వచ్చిన ఇండోనేషియా మతప్రచారకులకు కరోనా సోకినట్టు తేలింది. ఆ తరువాత ఢిల్లీలోని నిజాముద్దీన్ మర్కజ్‌లో, అంటే తబ్లీగీ జమాత్ అనే మతప్రచార సంస్థ కేంద్రంలో, జరిగిన సమావేశాల సంగతి బయటపడింది. అక్కడికి వెళ్లి వచ్చినవారిని గుర్తించాలి, పరీక్షించాలి. ఆ పని అధికారులు చేయవలసినదే. కానీ కేసుల లెక్క చెప్పే ప్రతిసారీ ‘మర్కజ్ కేసులు’ అని విడిగా చెప్పడం మొదలైంది. మిగిలిన కేసులలో ఎవరు ఏ పెళ్లికి వెళ్లారో, ఏ విమానంలో దిగారో అటువంటి గుంపు పేరు ఏదీ లేదు. ‘కరోనా జిహాద్’ అన్న మాట పుట్టి ఊరూరా తిరిగింది. ఏ వర్గాన్నీ వ్యాధికి కారకులుగా ముద్ర వేయవద్దని కేంద్ర ఆరోగ్య శాఖ ఏప్రిల్‌లో సూచన జారీ చేసే సమయానికి, మా వాడకు కూరగాయల బండి మీద వచ్చే సాయబును పక్క వాడలో “మర్కజ్ వచ్చింది, లోపలికి పోండి” అంటూ పిల్లలు వెక్కిరిస్తున్నారు. ఆయన జీవితంలో ఢిల్లీ చూసినవాడు కాదు. ఆ ఆగస్టులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీ సభ్యులపై కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని వ్యాఖ్యానించింది. ఆ తీర్పు గురించి మా వాడలో ఎవరి ఫోనులోనూ ఫార్వర్డ్ రాలేదు.

నా పేరు చూసి, నేను చెప్పే పాఠం విన్నాక, “మీరు ముస్లిం అయినా తెలుగు ఎంత చక్కగా మాట్లాడుతున్నారు మేడం” అని మెచ్చుకునే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు. వారికి నా మీద ప్రేమే. నేను పుట్టింది వర్ధన్నపేట దగ్గర, తెలుగు మాధ్యమంలో చదివి, తెలుగులో ఎం.ఏ. చేసి ఈ ఉద్యోగం తెచ్చుకున్నాను. నా సహోద్యోగి గణితం బాగా చెబితే ఆమె మతాన్ని ఎవరూ తలుచుకోరు. ఎవరినీ నిందితులుగా నిలబెట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆ మాట అన్న ప్రతిసారీ ఈ నేల భాష నాది కాదని నాకు మళ్లీ గుర్తు చేస్తున్నారని వారికి తెలియాలి, అంతే.

జవాబు: జిల్లా కోర్టు నుంచి ఒక న్యాయవాది

క్లుప్తంగా రెండు మూడు విషయాలు. ‘లవ్ జిహాద్’ అన్న మాట వార్తలలో విరివిగా వినిపిస్తుంది. ప్రస్తుత చట్టాలలో ఆ పదానికి నిర్వచనం లేదని, కేంద్ర సంస్థలు ఏవీ అటువంటి కేసును నివేదించలేదని 2020 ఫిబ్రవరి 4న లోక్‌సభకు రాతపూర్వకంగా తెలిపినది అప్పటి హోం శాఖ సహాయ మంత్రి జి. కిషన్ రెడ్డి గారే. అలాగే బెంగళూరులో ముస్లింలు ఎక్కువగా ఉండే ఒక ప్రాంతాన్ని కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తి ఒకరు పాకిస్తాన్‌తో పోల్చినప్పుడు, దేశంలోని ఏ భాగాన్నీ అలా పిలవడానికి వీల్లేదని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మన ఊళ్లలో ‘మినీ పాకిస్తాన్’ అని అలవోకగా అనేసే వాడలకూ అది వర్తిస్తుంది.

మూడోది రిజర్వేషన్లు. 2007 చట్టం ప్రకారం వచ్చిన నాలుగు శాతాన్ని అందరూ ‘ముస్లిం రిజర్వేషన్’ అంటారు. ఆ బీసీ-ఈ జాబితాను తీసి చదివితే అందులో దూదేకులవారు లేరు, వారు ముందు నుంచీ బీసీ-బీలో ఉన్నారు. సయ్యద్‌లు, పఠాన్‌లు, మొఘల్‌లు వంటివారిని స్పష్టంగా మినహాయించారు. గారడీవారు, ఫకీర్లు, అత్తరు సాయబులు, హజామ్‌లు, ఖురేషీలు వంటి వృత్తుల పేర్లు కనిపిస్తాయి. అయినా ఇది మతం ఆధారంగా ఇచ్చినదేనన్న వాదనను ఉమ్మడి హైకోర్టు 2010 ఫిబ్రవరిలో అంగీకరించి చట్టాన్ని కొట్టివేసింది. మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వులతో అమలు కొనసాగింది. కాబట్టి రెండు వైపులా వాదన ఉంది. జాబితా చదవకుండా ‘మత రిజర్వేషన్’ అని తేల్చేసేవారు ఆ వాదనలో పాల్గొంటున్నట్టు కాదు. ముస్లింలను ఒకేసారి దేశద్రోహులనీ, బుజ్జగింపు పొందుతున్నవారనీ అంటారని ముస్లింల స్థితిగతులపై కేంద్రం వేసిన సచార్ కమిటీ 2006లో నమోదు చేసింది. ఆ రెండు ముద్రలూ ఒకే నోట ఎలా వస్తాయో నాకు ఇప్పటికీ వింతే.

అడిగినవారి నుంచి: సుబేదారి పాఠకుడు

అందరికీ కృతజ్ఞతలు. సబ్ ఎడిటర్ గారు తిరగేసి చూపిన వాక్యాన్ని మా పెద్దాయనకు చదివి వినిపించాను. “నేను ఉర్సుకు పోయేదానికి ఎవడు నాకు సర్టిఫికెట్ ఇచ్చేది” అని ఆయన కోపగించుకున్నారు, తరువాత కాసేపు ఏమీ అనలేదు. అయితే నా రెండో సందేహం అలాగే ఉంది. మతాన్ని ఎక్కడా రాయకుండా ఉండడమే మార్గమా?

జవాబు: మట్టెవాడ మాజీ సబ్ ఎడిటర్

కాదు. రాయకపోవడం కూడా ఒక రకమైన వంచన కాగలదు. మత ఘర్షణల వార్తలలో వర్గాల గుర్తింపును సాధ్యమైనంత వరకు బయటపెట్టకూడదని ప్రెస్ కౌన్సిల్ నియమావళి చెబుతుంది. మంటను ఎగదోయకూడదన్న మంచి ఉద్దేశంతో పెట్టిన నియమం. తెలుగు పత్రికలలో అది ‘ఒక వర్గం’, ‘మరో వర్గం’ అన్న సంకేత భాషగా మారింది. ‘ఒక వర్గానికి చెందిన ప్రార్థనా మందిరం’ అని రాస్తే పాఠకులలో ఎవరికీ అర్థం కాకుండా ఉండదు. నియమం దక్కినట్టూ ఉంటుంది, ఊహాగానం కొనసాగుతూనే ఉంటుంది.

నిర్మల్ జిల్లా భైంసాను తీసుకోండి. 2020 జనవరిలో, మళ్లీ 2021 మార్చిలో అక్కడ అల్లర్లు జరిగాయి. ఇరువైపులా రాళ్లు పడిన రోజున ‘ఇరువర్గాల ఘర్షణ’ అనడం సరిపోతుంది. 2008 అక్టోబరులో భైంసా అల్లర్ల వెంటనే దగ్గరలోని వటోలి గ్రామంలో ఒకే ముస్లిం కుటుంబానికి చెందిన ఆరుగురిని ఇంట్లోనే తగలబెట్టి చంపారు. దానిని కూడా ‘ఘర్షణలలో ఆరుగురి మృతి’ అని రాస్తే, నిద్రపోతున్నవారు ఎవరితో ఘర్షణ పడ్డారు? అక్కడ మతమే వారి చావుకు కారణం కాబట్టి దానిని రాసితీరాలి. గొర్రెకుంటలో కారణం కాదు కాబట్టి రాయకూడదు. నేను డెస్కులో కొత్తవారికి చెప్పేది ఇంతే: ఆ మాటను తీసేస్తే జరిగిన సంగతి అర్థం కాకుండా పోతుందా అని చూడండి. పోతే ఉంచండి.

మీ ఎలక్ట్రీషియన్ విషయంలో మతం వార్తకు అవసరమే అనుకున్నా, ‘అయినప్పటికీ’ అవసరం లేదు.

జవాబు: నర్సంపేట రోడ్డు

వటోలి మాట నాకు తట్టలేదు. ఆ ఒక్క అంశంలో సబ్ ఎడిటర్ గారితో వాదించను. కాలనీ సంచికలో వాక్యం మార్చినంత మాత్రాన మనసులు మారతాయన్న నమ్మకం మాత్రం నాకు కలగలేదు.

జవాబు: మండీబజార్ తెలుగు టీచర్

మనసుల సంగతి తరువాత చూద్దాం, సంచిక ఉగాదికి అచ్చుకు వెళ్లాలి కదా. శ్రమదానం వాక్యంలో ‘కాలనీవాసులు పెద్ద సంఖ్యలో పాల్గొన్నారు’ అంటే అందరూ అందులోనే ఉంటారు, ‘సోదరులు’ ప్రత్యేకంగా అక్కరలేదు. ఎలక్ట్రీషియన్ గారి గురించి రాసేటప్పుడు ఆయన ఏ సంవత్సరం నుంచి చేస్తున్నారో, ఎన్ని సీరియల్ బల్బుల వరుసలు కట్టారో, వాన పడి కరెంటు పోయిన రాత్రి ఏం చేశారో ఆయననే అడిగి రాయండి. రంజాన్ నెలలో నవరాత్రులు వచ్చిన ఏడాది ఉంటే, ఉపవాసంతో స్తంభం ఎక్కారా అన్నది కూడా అడగవచ్చు. అక్కడ మతం దానంతట అదే వస్తుంది, ఎవరికీ అభ్యంతరం ఉండదు. మరొకటి, ఆయన పేరును ఆయన ఎలా రాసుకుంటారో కనుక్కోండి. మన పత్రికలలో ‘ఎండీ’ అని రెండు అక్షరాలలో తేల్చేస్తారు. అది మహమ్మదా, మహ్మదా, మొహమ్మదా అన్నది ఆయన ఆధార్ కార్డు మీద ఒకటి, ఇంటి కరెంటు బిల్లు మీద ఇంకొకటి ఉండి ఉంటుంది. మీ సంచికలో మాత్రం ఆయన చెప్పినట్టే వేయండి.